ఆనుకునే గోడ

ఒక సంగతి ముందే ఒప్పేసుకుంటాను. రాళ్లకి శక్తులుంటాయంటే నేను నమ్మను. చదివింది ఎలక్ట్రానిక్స్. నాకు స్ఫటికమంటే గడియారంలో అదిరే చిన్న ముక్క, అంతే. కానీ ఒంట్లో గాలి దూరిందనిపించిన రోజున నేను మందుల షాపు గురించి ఆలోచించను. జావా దీవిలో ఈ జోగ్జా ఊళ్లో మాకు జలుబూ, జ్వరమూ, నీరసమూ, ఒక్కోసారి దిగులూ అన్నీ గాలి దూరడమే. అప్పుడు నేను ఆలోచించేది, నా వీపు ఎవరికి చూపించగలనా అని. బామ్ రాసి, రాగి బిళ్లతో వెన్నుకి రెండు పక్కలా చేపముల్లులాగా ఎర్ర చారలు తేలేదాకా గీకాలి. గాలి బయటికి పోతుంది. పోతుందని సైన్సు చెప్పదు, మా అమ్మ చెబుతుంది. ఎంత చదువుకున్నా ఎవరి వీపు వాళ్లకి అందదు కాబట్టి ఇంకో మనిషి కావాలి. అమ్మో, అక్కో, మొగుడో. డబ్బులిచ్చి గీకించుకోవచ్చు కూడా, కానీ అలా గీకించుకున్నవాళ్లు ఆ మాట బయట చెప్పుకోరు.

నింగ్రుమ్ కథకి ముందు ఈ మాట చెప్పకపోతే కుదరదు. నింగ్రుమ్ నాతో చదువుకున్నదే. పోయిన వానాకాలంలో దమర్ అనే శిల్పి కట్టిన గోడకి వైర్లు పెట్టింది.

ఆ గోడ పేరు ‘ఆనుకో’. ఊరికి దక్షిణాన పాత పంచదార గోడౌన్ ఒకటి ఇప్పుడు గ్యాలరీ అయింది. దాని చివరి గదిలో, మెరాపి కొండ నల్లరాయితో, మనిషి కంటే కాస్త ఎత్తుగా ఉంటుంది. ఆ నలుపులో దమర్ వేరే రాళ్లు పొదిగాడు. పచితాన్ నుంచి తేనెరంగు అకీకులు, బోర్నియో నుంచి ఊదారంగు స్ఫటికాలు, ప్రొగో ఏట్లో దొర్లి దొర్లి నున్నబడిన గుండ్లు. కొన్ని నడుముకి తగులుతాయి, కొన్ని రెక్కల ఎముకల మధ్య, ఒకటి మెడ వెనక గుంటలో సరిగ్గా కూర్చుంటుంది. వచ్చినవాళ్లు చెప్పులు విప్పి, గోడకి వీపు తిప్పి, ఆనుకోవాలి. రాళ్ల వెనక నింగ్రుమ్ పెట్టిన సెన్సర్లు ఉంటాయి. ఒంటి బరువు పడి, కాసేపు కదలకుండా ఉంటే గోడ లోపల్నుంచి సన్నగా మూలగడం మొదలెడుతుంది, ఇక ఆ బరువు తీసేదాకా ఆగదు. అది చెవికంటే ఎముకలకి ఎక్కువ తెలుస్తుంది.

ఇబ్బందల్లా ఒక్కటే. ఎవరూ ఆనుకోవడం లేదు.

జావా వాళ్లని నలుగురి ముందూ గోడకి చేరబడమనడమే పొరపాటేమో. “మీరు కానివ్వండి.” “అబ్బే, పెద్దవారు, ముందు మీరు.” “నాదేముందండీ, ఊళ్లోనే ఉంటాను, మళ్లీ వస్తా. మీరు కానివ్వండి.” ఇలా ఒకరికొకరు దారిచ్చుకుంటూ అందరూ గది దాటి వెళ్లిపోయేవాళ్లు. కుర్రకారు రెండు వేళ్లతో రాయిని తాకి ఫోనుకి నవ్వి పోయేవాళ్లు. ఒకాయన మాత్రం ధైర్యంగా ఆనుకున్నాడు, వీపుకి బ్యాగుతో సహా.

“బ్యాగుకి బాగా పట్టినట్టుంది,” అంది నింగ్రుమ్, లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా.

దమర్‌కి నవ్వు రాలేదు. పొడుగాటి మనిషి, చేతుల నిండా రాతి దుమ్ము, గోళ్లు మాత్రం శుభ్రం. “టైం తగ్గించెయ్. ఆనగానే మోగాలి.”

“ఆనగానే మోగితే దాన్ని కాలింగ్ బెల్ అంటారు మాస్.” మాస్ అంటే మాలో అన్నయ్య.

“శనివారం గోడ చూడ్డానికి జకార్తా నుంచి పెద్ద గ్యాలరీ వాళ్లు వస్తున్నారు. ఈలోపు ఒక్క మనిషి, ఒక్కరంటే ఒక్కరు, నిజంగా ఆనుకుంటే చూడాలి నేను.”

“మా ఆయన్ని తీసుకురమ్మంటారా?” గది మూల నుంచి మాప్ కర్ర పట్టుకుని బూ పర్తినా అంది. “ఎక్కడ గోడ కనపడితే అక్కడ ఆనుకోవడమే ఆయన ఉద్యోగం. జీతం ఒక్కటే తక్కువ.”

దమర్‌ కూడా నవ్వేశాడు. బూ పర్తినా ఆ గ్యాలరీ తుడిచే ఆవిడ, బూ అంటే మాలో అమ్మగారు అన్నట్టు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. తలగుడ్డ గెడ్డం కింద పిన్నుతో బిగించి ఉంటుంది. ఆవిడ మాటల్లో మొగుడు లేని పూట ఉండదు. ఆయన గురక, ఆయన లవంగం సిగరెట్లు, ఆయన కాఫీలో వేసుకునే పంచదార. గాలి దూరితే ఆయన గీకే తీరు. “అది చెయ్యా, గునపమా? వద్దురా నాయనా అన్నా వినడు. మర్నాడు పక్క మీద వెల్లకిలా పడుకోలేను.” ఆ మాట విన్నప్పుడల్లా నింగ్రుమ్‌కి తన గది గుర్తొచ్చేది. సందు చివర అద్దె గది. ఒక పరుపు, ఒక రైస్ కుక్కర్, రెండు మానిటర్లు. సాయంత్రం తోపుడుబండి దగ్గర అరచేతంత అన్నం పొట్లం, అల్లం టీ. బండాయన “మామూలేనా?” అంటాడు, ఆమె “మామూలే” అంటుంది. చాలా రోజుల్లో ఆమె మాట్లాడిన మాటలు అవే. లాంపుంగ్ నుంచి అమ్మ ఫోన్ చేస్తే, దగ్గు వచ్చినప్పుడల్లా మ్యూట్ నొక్కి దగ్గేది.

ఆ వారం దగ్గు ఎక్కువే అయింది.

మంగళవారం ఒక వైరు వదులైందని నింగ్రుమ్ గ్యాలరీ తెరవకముందే వచ్చింది. రాత్రంతా కురిసిన వాన అప్పుడే ఆగింది. పక్క తలుపు గడియ తీసే ఉంది. గుమ్మం దగ్గర బూ పర్తినా ప్లాస్టిక్ చెప్పులు ఉన్నాయి. నింగ్రుమ్ తన చెప్పులు వాటి పక్కన విప్పి లోపలికి నడిచింది.

చివరి గది దాకా రాకముందే పాదాలకి తెలిసింది. గోడ మూలుగుతోంది.

తను కాక ఇంకొకరి ఒంటికి ఆ గోడ పలకడం అదే మొదటిసారి. గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల లైటు వేసి లేదు, పైన గాజు పెంకులోంచి పడే వెలుతురు మాత్రమే. బూ పర్తినా గోడకి వీపు పెట్టి నిలబడి ఉంది. తలగుడ్డ తీసి భుజం మీద వేసుకుంది. గ్యాలరీ వాళ్లిచ్చిన నీలం చొక్కా వెనక నుంచి పైకి ఎత్తి, అంచుని మెడ దగ్గర ఒక చేత్తో పట్టుకుంది. మోకాళ్లు కొంచెం వంచి, మెల్లగా పైకి లేస్తూ, కిందికి దిగుతూ, స్ఫటికం అంచుకి వీపుని ఒరుస్తోంది. కొంచెం పక్కకి జరిగి మళ్లీ. కళ్లు మూసుకుంది. కింద నేల మీద చిన్న ఆకుపచ్చ సీసా. పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి అందరికీ మేము ఒంటికి రాసే కాయుపుతి నూనె. గది అంతా అదే వాసన.

చెట్టుకి ఒళ్లు రుద్దుకునే గేదె గుర్తొచ్చి నింగ్రుమ్‌కి ముందు నవ్వు రాబోయింది. ఆ తర్వాత ఆవిడ చేతిని చూసింది. రెండో చెయ్యి వెనక్కి వెళ్లి, నడుము దాటి పైకి పాకడానికి చూసింది. వేళ్లు గాల్లో కాసేపు వెతికి, అందక, దిగిపోయాయి.

నింగ్రుమ్ వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. వీధి చివర దాకా పోయి, ఒక బజ్జీ కొనుక్కుని, తినకుండా పట్టుకుని నిలబడింది. మళ్లీ వచ్చేటప్పటికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, నేల తడిగా మెరుస్తోంది. బూ పర్తినా మాప్ పిండుతూ, “ఎంత పొద్దున్నే వచ్చారు మీరు!” అంది పెద్దగా. నింగ్రుమ్ గోడ దగ్గరికెళ్లి సెన్సరు చూసే వంకతో స్ఫటికం మీద అరచెయ్యి పెట్టింది. చుట్టూ నల్లరాయి ఏసీకి మంచుముక్కలా ఉంది. ఆ ఒక్క రాయి మాత్రం గోరువెచ్చగా ఉంది.

మధ్యాహ్నం టీ కాచుకునే చోట బూ పర్తినా తనే వచ్చింది. రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి నింగ్రుమ్ ముందుకి జరిపింది.

“పొద్దున మీరు ముందే ఒకసారి వచ్చి వెళ్లారు. నేను బయటికి వచ్చేసరికి ఒక జత తడి గుర్తులున్నాయి, చెప్పులు లేవు.”

నింగ్రుమ్ ఏదో అనబోయి దగ్గింది.

“గాలి దూరింది మీకు.” బూ పర్తినా గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చుంది. తర్వాత మాట మారిపోయింది. “చూడు గెందుక్,” అంది. ఇంట్లో ఆడపిల్లని పిలిచే పిలుపది. నింగ్రుమ్‌ని ఆ ఊళ్లో ఎవరూ అలా పిలవలేదు. “మా ఆయన వాతెస్‌లో ఉంటున్నాడు. అక్కడొక ఆవిడ ఉంది. టైలరు. రంజాన్ ముందే వెళ్లిపోయాడు. బండి మీద మా సందులోంచే పోతాడు పనికి, హారన్ కూడా కొట్టడు.”

“మరి రోజూ మీరు…”

“ఏం చెప్పమంటావు? ఊరుకుంటే అడుగుతారు. నేనే ముందు తిట్టేస్తే ఎవరూ అడగరు.” నవ్వింది. కింది పన్ను ఒకటి లేదు. “నాకు ఆయన లేకపోతే పోయె. వీపు ఒక్కటే గొడవ. పక్కింటావిడని అడిగితే, మీ ఆయనేడీ అంటుంది. ఇక్కడెవరికీ చెప్పకు, ఏం?”

“చెప్పను బూ.”

“ఒట్టు?”

“ఒట్టు.”

టీ తాగేసి బూ పర్తినా లేచి రెండు గ్లాసులూ కడిగింది. “కంప్యూటర్లో మీరు రాసిన కోడ్ భలేది లెండి,” అంది, మళ్లీ మామూలు గొంతులోకి వచ్చేసి. “మోగడం మొదలయ్యాక అచ్చం పక్కన మనిషున్నట్టే ఉంటుంది.”

బుధవారం మరక కనపడింది.

ముందు చూసింది గ్యాలరీ మేనేజరు, అందరూ గౌరవంగా పాక్ అని పిలిచే హెర్యంతో అనే ఆయన. ఫోన్ టార్చి వేసి, ముక్కు రాయికి తగిలేంత దగ్గరగా వంగాడు. స్ఫటికం అంచున అరచేతంత మేర జిడ్డు పొర పట్టి మబ్బుగా ఉంది. కింద పగుల్లోకి కూడా దిగింది. దమర్ వచ్చి వేలితో తాకి వాసన చూశాడు.

“నూనె! రాయి తాగేసింది. ఇది పోదు. విప్పి మళ్లీ సానపట్టించాలి.”

“సబ్బు పెట్టి నేను…” అని బూ పర్తినా అడుగు ముందుకేసింది.

“ముట్టుకోవద్దు!” ఇద్దరూ ఒకేసారి అన్నారు.

అందర్నీ గోడ ముందు నిలబెట్టారు. అందరంటే టికెట్ల అమ్మాయి, వాచ్‌మన్, నింగ్రుమ్, బూ పర్తినా. పాక్ హెర్యంతో గొంతు పెంచే మనిషి కాదు. మెల్లగా, నవ్వు మొహంతో అడుగుతాడు, అదే భయం. “ఎవరి మీదా నింద వెయ్యడం నా ఉద్దేశం కాదు. తెలుసుకుందామని అంతే.”

వాచ్‌మన్ నేల చూపులు చూశాడు. నింగ్రుమ్ తన గోరు చూసుకుంటోంది. అప్పుడు బూ పర్తినా అంది:

“నేనేనండి. మెరుస్తుందని కాయుపుతి నూనెతో తుడిచాను. ఇంట్లో బీరువాకి అలాగే చేస్తా. తెలీక చేశాను, క్షమించండి.”

అంటూ రెండు చేతులూ కడుపు మీద కట్టుకుని, వంగి, చిన్నగా నవ్వింది. మా వాళ్లు చాలా సిగ్గుపడ్డప్పుడు నవ్వే నవ్వు అది. పాక్ హెర్యంతో నిట్టూర్చాడు. చెప్పిన పని తప్ప సొంత తెలివి వాడొద్దని ఎన్నిసార్లు అన్నాడో గుర్తు చేశాడు. రాళ్లని ఎలా తుడవాలో ఆవిడకి నేర్పిన రోజున ఎవరెవరున్నారో కూడా గుర్తు చేశాడు. “సోమవారం నుంచి విశ్రాంతి తీసుకోండి బూ. వేరే మనిషిని చూసుకుంటాం.” టికెట్ల అమ్మాయి వాచ్‌మన్ చెవిలో ఏదో అంది. బీరువా అన్న మాట నింగ్రుమ్‌కి వినపడింది.

నింగ్రుమ్‌కి ఒళ్లు మండింది. నిజం చెబితే ఉద్యోగం పోదు. గోడ దేనికోసం కట్టారో ఆ పనే కదా ఆవిడ చేసింది. ఒక్క మనిషైనా ఆనుకోవాలని దమర్ కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. ఆ ఒక్క మనిషిని పట్టుకుని తుడవడం చేతకాదని పంపించేస్తున్నారు. లాజిక్ చూస్తే ఒక్క వాక్యంతో తేలిపోయే సమస్య.

సాయంత్రం బళ్లు నిలిపే రేకుల షెడ్డు కింద దమర్ వాన తగ్గడం కోసం నిలబడి ఉంటే, ఆ వాక్యం చెప్పేసింది. ఒక్క వాక్యంతో ఆగలేదు. ఆవిడే ఎందుకు, పొద్దున్నే ఎందుకు అని దమర్ అడుగుతూ పోయాడు. నింగ్రుమ్ చెబుతూ పోయింది. వాతెస్ దాకా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ మంచి పని చేస్తున్నాననే అనిపించింది.

దమర్ కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగానే. “ఇన్నాళ్లూ ఈవిడ కోసమే కట్టాను నింగ్,” అన్నాడు. “నాకే తెలీలేదు.” అక్కడే ఫోన్ తీసి పాక్ హెర్యంతోకి చెప్పాడు. ఆవిణ్ణి తియ్యొద్దు. మరకని ముట్టుకోవద్దు. మరకే అసలు పని.

నింగ్రుమ్ ఆ సాయంత్రం తోపుడుబండి దగ్గర రెండు పొట్లాలు తింది. “ఏంటి, మామూలు కాదా?” అన్నాడు బండాయన.

శుక్రవారం మధ్యాహ్నం స్ఫటికం పక్కన తెల్ల అట్ట వచ్చింది. నింగ్రుమ్ చూసేటప్పటికి దమర్ దాని మూలలు నొక్కుతున్నాడు.

‘ఈ మరక ఒక స్త్రీ వీపుది. భర్త వదిలి వెళ్లాక, ఒళ్లు గీకే చెయ్యి లేక, ఈ గదులు తుడిచే ఆమె ప్రతి ఉదయం ఈ రాయికి ఆనుకుంది.’

“మాస్, ఇది తీసెయ్యండి.”

“పేరు రాయలేదు కదా.”

“ఈ గదులు తుడిచేది ఎంతమంది మాస్?”

“నింగ్, ఇందులో సిగ్గుపడేదేముంది? అందమైన విషయం. రేపు ఆవిడ వచ్చి వాళ్ల ముందు ఒక్కసారి ఆనుకుంటే చాలు. కొత్త బట్టలొద్దని చెప్పు, రోజూ వేసుకునేవే బాగుంటాయి.”

వెనక బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది.

బూ పర్తినా మాప్ పట్టుకుని అట్ట ముందు నిలబడింది. పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా చదివింది. చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి వెళ్లింది. దమర్ రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకుని, “నేనే మీకు దణ్ణం పెట్టాలి బూ,” అన్నాడు. ఆవిడ వంగి, నవ్వి, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. దమర్ ఫోన్ మోగింది, మాట్లాడుకుంటూ బయటికి వెళ్లాడు.

“ఇది మీరు చెప్పిందేనా?” అంది బూ పర్తినా.

మీరు. మళ్లీ గెందుక్ కాదు. “మీ ఉద్యోగం పోకూడదని బూ. నిజం తెలిస్తే వాళ్లు…”

“ఉద్యోగం సంగతి నేను మిమ్మల్ని అడిగానా?”

“లేదు.”

“తుడవడం రానిదాన్ని అనిపించుకున్నాను. అది నేను మోయగలను.” మాప్‌ని బకెట్లో ముంచి, పిండి, గది ఈ చివర నుంచి ఆ చివరకి తుడిచింది. నింగ్రుమ్ నిలబడ్డ చోటికి వచ్చాక, “కొంచెం కాలు తీస్తారా?” అంది. తుడిచి, ముందుకి వెళ్లింది.

టికెట్ల అమ్మాయి ఆ సాయంత్రం అట్టని ఫోటో తీసుకుంది.

శనివారం నింగ్రుమ్ వచ్చేసరికి టీ కాచుకునే చోట స్టూలు మీద నీలం చొక్కా ఇస్త్రీ మడతతో ఉంది. దాని మీద పక్క తలుపు తాళంచెవి. నేలంతా తుడిచి ఆరిపోయింది. చివరి గదిలో నిమ్మకాయ వాసన, అంట్లు తోమే సబ్బుది. జ్వరం వల్ల ముక్కు సరిగ్గా పని చెయ్యక నింగ్రుమ్ మొదట పట్టించుకోలేదు. ఆమె వైర్లు చూసుకుంటుండగానే జకార్తా వాళ్లు వచ్చేశారు. నలుగురైదుగురు, మెత్తటి చెప్పులు, మెత్తటి గొంతులు. దమర్ వాళ్లని గది గదికీ ఆపి మాట్లాడిస్తూ, అసలైనదాన్ని ఆఖరికి ఉంచుకున్నాడు.

“ఇక్కడికి వచ్చి చూడండి,” అన్నాడు స్ఫటికం పక్కన నిలబడి, గోడ వైపు చూడకుండానే. “ఈ మరక.”

ముత్యాల ముక్కుపుడక పెట్టుకున్న ఒకావిడ కళ్లజోడు సర్దుకుని వంగింది. పక్కాయన వంగాడు. వెనకాయన ముందువాళ్ల భుజాల మీదుగా తొంగి చూశాడు.

“ఏదీ?” అంది ఆవిడ.

దమర్ తిరిగి చూశాడు. స్ఫటికం ఊదారంగులో, లోపలి పగుళ్లతో సహా, అప్పుడే ఏట్లోంచి తీసినట్టుంది. మరకా లేదు, జిడ్డూ లేదు. కింద పగుల్లో కూడా ఏమీ లేదు. రాయి ఏమీ తాగలేదు.

“మరక లేకపోవడమే కాన్సెప్టేమో,” అన్నాడు వెనకాయన, గౌరవంగా.

ఎవరూ నవ్వలేదు. ముక్కుపుడకావిడ అట్ట చదవడం మొదలెట్టింది. “ఈ మరక ఒక స్త్రీ వీపుది. భర్త వదిలి…” పైకే చదువుతోంది. టికెట్ల అమ్మాయి గుమ్మంలోంచి చూస్తోంది.

నింగ్రుమ్ వెళ్లి, ఆవిడ మొహానికీ గోడకీ మధ్య చెయ్యి పెట్టి, అట్టని పీకేసింది. ఒక మూల చిరిగి గోడకే ఉండిపోతే గోటితో దాన్నీ గీకింది. “క్షమించండి. పొరపాటున పెట్టాం. నాదే తప్పు. ఇది ఈ రాయిది కాదు,” అంది, చేతులు కట్టుకుని, వంగి. మొహం మీద ఆ నవ్వు దానంతటదే వచ్చింది.

దమర్ చూసిన చూపు అర్థమైంది. ఆ గోడ వైర్లు ఇక తను ముట్టుకోబోదని కూడా అర్థమైంది. లాప్‌టాప్ సంచిలో అట్ట కుక్కుకుని బయటికి నడిచింది.

వాచ్‌మన్ చెప్పిన గుర్తులతో సందు పట్టుకునేసరికి వాన దంచేస్తోంది. బూ పర్తినా గది ముందు తాడు మీద రెండు లంగాలు, ఒక చీటీ గుడ్డ జాకెట్టు, ఒక మగవాడి తెల్ల చొక్కా తడుస్తున్నాయి. చొక్కాకి కాలరు దగ్గర గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మడత ఇంకా తెలుస్తోంది. తొడుక్కునేవాడు లేకపోయినా ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్లీ ఉతికి సందులో కనపడేలా ఆరేసిన చొక్కా.

తలుపు తీసే ఉంది. బూ పర్తినా చాప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. నింగ్రుమ్‌ని చూసి లేవలేదు. తల మాత్రం ఊపింది. “తడిసిపోయారు.”

“బూ, నేను…” మొదలెట్టబోతే దగ్గు తెర ముంచుకొచ్చింది. గుమ్మం పట్టుకుని వంగిపోయింది. ఎంతకీ ఆగలేదు.

బూ పర్తినా వెల్లుల్లి పక్కకి పెట్టి చేతులు కడుక్కుంది. “కూర్చోండి. చొక్కా విప్పి అటు తిరగండి.”

“నేను క్షమాపణ చెబుదామని…”

“దగ్గుతూ చెప్పే క్షమాపణ నాకు వినపడదు. తిరగండి.”

నూనె చల్లగా తగిలింది. తర్వాత బిళ్ల. డచ్చివాళ్ల కాలం నాటి రాగి బిళ్ల, అంచు అరిగి నున్నబడింది. మెడ కింద మొదలుపెట్టి భుజం వైపుకి ఒక్క గీత. నింగ్రుమ్‌కి ప్రాణం పోయినంత పనైంది.

“ఊపిరి బిగబట్టకండి,” అంది బూ పర్తినా. ఇంకో గీత. “మంచి జరుగుతుందనుకున్నారు.” ఇంకోటి. “అవును. మీరంతా చాలా మంచివాళ్లు.” ఇంకోటి. “ఆ శిల్పిగారైతే కళ్లలో నీళ్లు కూడా పెట్టుకున్నారటగా?” ఎక్కడా చెయ్యి తడబడలేదు, ఎక్కడా తేలిగ్గా పడలేదు. మొగుడి గునపం చెయ్యి గురించి చెప్పిందంతా తన చెయ్యి గురించేనేమో అనుకుంది నింగ్రుమ్. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నొప్పికే అని సరిపెట్టుకోవచ్చు.

“చూడండి ఎంత నల్లగా తేలిందో. ఎన్నాళ్ల గాలో ఇది. ఎవరూ చూడలేదా?”

“ఎవరున్నారు బూ?”

వీపు మీద బిళ్ల ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. బూ పర్తినా నడుము దాకా గీసి, గుడ్డతో నూనె తుడిచి, తన పాత జాకెట్టు ఒకటి నింగ్రుమ్ భుజం మీద వేసింది. అల్లం టీ పెట్టింది. నింగ్రుమ్ సంచిలోంచి చిరిగిన అట్ట తీసి చాప మీద పెట్టింది. బూ పర్తినా దాన్ని చదవలేదు. ఒలిచిన వెల్లుల్లి పొట్టు దాని మీద పోసి, పొట్లం చుట్టి, పొయ్యి పక్కన పడేసింది.

నింగ్రుమ్ రాగి బిళ్ల చేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. “ఇప్పుడు మీరు తిరగండి బూ.”

“నా ఒంట్లో గాలేం లేదు.”

“నాకు గీకడం వచ్చు. మా అమ్మకి చేసేదాన్ని.”

“లేదన్నాను కదా.” లేచి బయటికి వెళ్లింది. వానలో తాడు దగ్గర నిలబడి, లంగాలు తీసి భుజాన వేసుకుంది. జాకెట్టు తీసింది. తెల్ల చొక్కా మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని అక్కడే వదిలేసి లోపలికి వచ్చింది. గాలికి చొక్కా ఒక చెయ్యి తాడు మీదికి ఎగిరి చుట్టుకుపోయింది.

తడిబట్టలు మూల పడేసి, చాప మీద నింగ్రుమ్‌కి వీపు తిప్పి కూర్చుంది. మొహం గుమ్మం వైపుంది. సందులో ఎవరో గొడుగుతో పోతూ లోపలికి ఒక చూపు చూసి పోయారు. “సోమవారం నుంచి బాతిక్ గుడ్డలు ఉతికే చోట చేరుతున్నాను,” అంది వీధి వైపు చూస్తూ. “అక్కడ అందరూ ఆడవాళ్లే. తెగ వాగుతారట.” ఆవిడ చెయ్యి గెడ్డం కిందికి వెళ్లి తలగుడ్డ పిన్ను తీసింది. పిన్నుని పళ్ల మధ్య పట్టుకుంది. రెండో చెయ్యి జాకెట్టు వెనకంచు దగ్గర ఆగింది.

నింగ్రుమ్ నూనె సీసా మూత తీసింది.

“తలుపు వెయ్యి గెందుక్,” అంది బూ పర్తినా పిన్ను పళ్ల మధ్య నుంచే. “ముందు తలుపు వెయ్యి.”

ఆ తలుపు వెనక సంగతి నింగ్రుమ్ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇక్కడిదాకా మాత్రం రాసుకోవచ్చని బూ పర్తినాయే అన్నారట, ఊరూ పేర్లూ మార్చమని చెప్పి. మార్చాను. ఇప్పుడు మీ వంతు. ఒంట్లో బాగోలేని రోజున మీరు వీపు తిప్పి కూర్చునేది ఎవరి ముందు? ఎవరూ లేకపోతే, ఏ గోడకి చేరబడ్డారు, ఏ రాయి వెచ్చబడింది? నాకు రాయండి. తలుపు వేసుకునే రాయండి, తొందరేం లేదు.